మీ వార్డుకి ఎన్ని ఈవీ ఛార్జింగ్ పాయింట్లు కావాలి? లెక్క వేసి చూద్దాం

ఎలక్ట్రిక్ స్కూటర్ రివ్యూ రాసిన ప్రతిసారీ ఎవరో ఒకరు ఇదే అడుగుతారు: "బ్రో, నేను అద్దెకి ఉంటున్నా, రెండో ఫ్లోర్. కింద ప్లగ్ లేదు, ఓనర్ పెట్టనివ్వడు. నేను ఏ స్కూటర్ తీసుకోవాలి?" రేంజ్, టాప్ స్పీడ్, డిస్‌ప్లే, ఓటీఏ అప్‌డేట్లు అన్నీ మేము పోల్చి చెప్పగలం. కానీ ఈ ప్రశ్నకి జవాబు స్కూటర్ స్పెక్ షీట్‌లో లేదు. మీ వీధిలో రాత్రిపూట బండి పెట్టే చోట ఒక సాకెట్ ఉందా లేదా అన్నదే అసలు స్పెక్. అది కంపెనీ చేతిలో ఉండదు, మున్సిపాలిటీ, డిస్కం చేతిలో ఉంటుంది.

అందుకే ఈసారి గ్యాడ్జెట్ కాకుండా ప్లానింగ్ గురించి మాట్లాడుకుందాం. భయపడకండి, ఇందులో ఉన్నది మొత్తం ఆరో క్లాసు లెక్కలే.

ముందు రూల్స్: ఎవరి పని ఏది?

మన దేశంలో కరెంటు అమ్మాలంటే లైసెన్స్ కావాలి. మరి ఛార్జింగ్ స్టేషన్ పెట్టేవాడు కరెంటు అమ్ముతున్నట్టా కాదా? ఈ డౌట్‌ని కేంద్ర విద్యుత్ శాఖ 2018 ఏప్రిల్‌లో తీర్చేసింది. ఛార్జింగ్ అనేది ఒక సర్వీస్, కరెంటు అమ్మకం కాదు, కాబట్టి లైసెన్స్ అక్కర్లేదు అని చెప్పింది. అదే ఏడాది డిసెంబరులో పబ్లిక్ ఛార్జింగ్ మార్గదర్శకాలు వచ్చాయి. 2019, 2022, 2024లో వాటిని సవరించారు.

కేంద్రంలో ఈ పనికి నోడల్ ఏజెన్సీ బీఈఈ. అవును, మీ ఫ్రిజ్ మీద స్టార్లు వేసే ఆ బీఈఈనే. రాష్ట్రాల స్థాయిలో తెలంగాణకి రెడ్కో, ఆంధ్రప్రదేశ్‌కి నెడ్‌క్యాప్. కనెక్షన్ ఇచ్చేది డిస్కం. రేటు నిర్ణయించేది రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి.

మరి మున్సిపాలిటీకి ఏం మిగిలింది? పేరుకి తక్కువ, నిజానికి చాలా ఎక్కువ. రోడ్డు దానిది, ఫుట్‌పాత్ దానిది, పార్కింగ్ స్థలాలు దానివి, రోడ్ కటింగ్ పర్మిషన్ దానిది, బిల్డింగ్ ప్లాన్ మీద సంతకం కూడా దానిదే. ఛార్జర్ ఏది పెట్టినా నేల మీదే పెట్టాలి కదా. ఆ నేల ఎక్కడ అన్నది తేల్చేది లోకల్ బాడీనే.

గడి లెక్కతో వచ్చిన చిక్కు

2018 నుంచి 2022 దాకా వచ్చిన మార్గదర్శకాల్లో బాగా పాపులర్ అయిన రూల్ ఒకటుంది. సిటీని 3 కి.మీ. × 3 కి.మీ. గడులుగా కోయండి, ఒక్కో గడిలో కనీసం ఒక ఛార్జింగ్ స్టేషన్ ఉండాలి. హైవేల మీద అయితే రెండు వైపులా 25 కి.మీ.కి ఒకటి. 2024లో ఈ గడి సైజు ఇంకా తగ్గించారు, మంచిదే. కానీ గడి చిన్నదైనా, ఆలోచన అదే.

పాత జీహెచ్ఎంసీ విస్తీర్ణం సుమారు 650 చదరపు కి.మీ. ఒక్కో గడి 9 చ.కి.మీ. భాగిస్తే 72 వస్తుంది. అంటే అంత పెద్ద హైదరాబాద్‌కి 72 స్టేషన్లు పెట్టేస్తే కాగితం మీద రూల్ పాస్ అయినట్టే. గడిలో ఒక మూలన ఉన్నవాడికి స్టేషన్ ఎదురు మూలన పడితే 4 కి.మీ. పైనే దూరం. స్కూటర్ అక్కడ పెట్టి నడుచుకుంటూ ఇంటికి రాలేడు కదా.

ఇది కెమెరా మెగాపిక్సెల్ లాంటి నంబర్. కనీసం ఎంత ఉండాలో చెప్పడానికి పనికొస్తుంది, ఫోటో ఎలా వస్తుందో చెప్పదు. గడి రూల్‌ని నేను తప్పుపట్టను. కారులో ఊరు దాటేవాడికి అది భరోసా. తప్పెక్కడంటే, ఆ కనీసాన్నే చాలా చోట్ల పూర్తి ప్లాన్‌గా చూడటం.

ఒక వార్డు తీసుకుందాం

ఇప్పుడు ఊహించుకున్న ఒక వార్డుతో లెక్క మొదలుపెడదాం. ఈ అంకెలు ఏ వార్డు సర్వే నుంచీ తీసుకోలేదు, లెక్క పద్ధతి అర్థం కావడానికి మాత్రమే. మీ ఏరియా అంకెలు మీరు వేసుకోవచ్చు.

వార్డులో 20,000 టూవీలర్లు అనుకుందాం. అందులో 10 శాతం ఎలక్ట్రిక్ అయ్యాయి, అంటే 2,000. ఒక్కోటి రోజుకి 25 కి.మీ. తిరుగుతుంది. ఈ-స్కూటర్ రోడ్డు మీద కిలోమీటరుకి దాదాపు 30 వాట్-అవర్ తింటుందనుకుంటే, రోజుకి 0.75 యూనిట్. ఇది చాలా తక్కువ! మీ ఇంట్లో ఏసీ ఒక గంట ఆడితే అయ్యే ఖర్చు.

2,000 మందిలో ఎక్కువమందికి ఇంట్లోనే ప్లగ్ ఉంటుంది. కేంద్ర మార్గదర్శకాల ప్రకారం ఇంట్లో ఉన్న కనెక్షన్‌తోనే బండి ఛార్జ్ చేసుకోవచ్చు, వాళ్ల గురించి మున్సిపాలిటీకి దిగులు అక్కర్లేదు. 700 మందికి ఇంటి దగ్గర ప్లగ్ లేదనుకుందాం. పై ఫ్లోర్లలో అద్దెకి ఉండేవాళ్లు, హాస్టళ్లలో ఉండేవాళ్లు, సెల్లార్ లేని పాత బిల్డింగుల వాళ్లు. వీళ్లందరికీ కలిపి రోజుకి 525 యూనిట్లు.

ఇప్పుడు ఇంకొక గ్రూప్: డెలివరీ రైడర్లు. వార్డులో 200 మంది. ఒక్కొక్కరు రోజుకి 100 కి.మీ. అంటే తలకి 3 యూనిట్లు, మొత్తం 600 యూనిట్లు.

చూశారా? 700 మంది మామూలు వాళ్లకంటే 200 మంది రైడర్లకే ఎక్కువ కరెంటు కావాలి. బండ్ల సంఖ్య మాత్రమే చూసి ప్లాన్ చేస్తే ఈ విషయం దొరకదు, కి.మీ. చూడాలి. పైగా రైడర్‌కి ఛార్జింగ్ దొరక్కపోతే ఇబ్బందితో పోదు, ఆ రోజు కూలీ పోతుంది.

ఎన్ని సాకెట్లు? ఇక్కడే అసలు మెలిక

స్కూటర్‌తో వచ్చే పోర్టబుల్ ఛార్జర్ 750 వాట్ అనుకుందాం. 525 యూనిట్లని 0.75 కిలోవాట్‌తో భాగిస్తే 700 సాకెట్-గంటలు. రాత్రి 8 నుంచి ఉదయం 6 వరకు 10 గంటలు ఉన్నాయి కాబట్టి 70 సాకెట్లు చాలు అని ఎక్సెల్ షీట్ చెప్తుంది.

ఎక్సెల్ షీట్ నిద్రపోదు, మనుషులు పడుకుంటారు. అర్ధరాత్రి 1 గంటకి లేచి, ఛార్జ్ అయిన బండి తీసి పక్కవాడికి చోటిచ్చేవాడు ఎవడూ ఉండడు. సర్వర్ థ్రూపుట్ సరిపోయినా కాంకరెంట్ యూజర్లకి కనెక్షన్లు సరిపోకపోతే యాప్ ఎలా హ్యాంగ్ అవుతుందో, అచ్చం అలాగే.

మూడు రోజులకి ఒకసారి ఛార్జ్ పెట్టేవాళ్లయితే, 700లో రోజుకి 233 బండ్లు వస్తాయి. ఒక్కోటి 3 గంటలు. సాయంత్రం ఒకటి, రాత్రికి ఒకటి అని సాకెట్‌కి రెండు బండ్లు వేసుకుంటే దాదాపు 120 సాకెట్లు కావాలి. రాత్రికి ఒకే బండి అనుకుంటే 230. షీట్ చెప్పిన 70 ఎక్కడ, ఇది ఎక్కడ!

రైడర్ల సంగతి ఇంకోలా ఉంటుంది. లంచ్ ఆర్డర్లు అయ్యాక, డిన్నర్ మొదలయ్యేలోపు, సుమారు 3 నుంచి 6 మధ్య అందరూ ఒకేసారి వస్తారు. 3 కిలోవాట్ ఛార్జింగ్ అయితే ఒక్కొక్కరికి గంట. 200 మంది, 3 గంటలు, అంటే 67 పాయింట్లు. ఆ మూడు గంటలు తప్ప మిగతా రోజంతా వాటిలో చాలావరకు ఖాళీ. అందుకే వీళ్లకి బ్యాటరీ స్వాపింగ్ బాగా కుదురుతుంది. బ్యాటరీ తీసి ఇంకోటి పెట్టుకుని రెండు నిమిషాల్లో వెళ్లిపోతారు, తీసిన బ్యాటరీ తీరిగ్గా ఛార్జ్ అవుతుంది. ఆ స్వాప్ క్యాబినెట్‌కి రెస్టారెంట్లు ఉండే మెయిన్ రోడ్డు మీద ఆరడుగుల జాగా ఇవ్వగలిగేది మళ్లీ మున్సిపాలిటీనే.

60 కిలోవాట్లు రెండు రకాలుగా

ఇప్పుడు ఇదే వార్డులో మెయిన్ రోడ్డు మీద ఒక 60 కిలోవాట్ ఫాస్ట్ ఛార్జర్ పెట్టారనుకోండి. రిబ్బన్ కట్ చేశారు, ఫోటో బాగా వచ్చింది, మ్యాప్‌లో చుక్క పడింది. దాని గన్ సీసీఎస్2. మన 900 మంది టూవీలర్ వాళ్లలో ఎంతమంది వాడగలరు? సున్నా. స్కూటర్‌కి ఆ సాకెట్టే ఉండదు.

ఫోన్లలో మైక్రో యూఎస్‌బీ, లైట్నింగ్, టైప్-సీ కాలం గుర్తుందా? టూవీలర్లు ఇప్పుడు ఆ దశలో ఉన్నాయి. ఏథర్ తయారుచేసిన ఎల్ఈసీసీఎస్ కనెక్టర్‌ని 2023లో బీఐఎస్ భారతీయ ప్రమాణంగా గుర్తించింది, కానీ అన్ని కంపెనీలూ దానికి మారలేదు. ఒక కంపెనీ ఫాస్ట్ ఛార్జర్ దగ్గర ఇంకో కంపెనీ బండి దిక్కులు చూడాల్సిందే. ఈ గొడవ తేలేదాకా అన్ని కంపెనీల బండ్లకీ కామన్‌గా పనికొచ్చేది 16 ఆంపియర్ మూడు పిన్నుల సాకెట్. అందుకే నా ఓటు దానికే. చూడటానికి ఏమాత్రం గ్లామర్ ఉండదు, అది వేరే సంగతి.

లోడ్ సైడ్ కూడా చూడండి. 60 కిలోవాట్ ఛార్జర్ ఫుల్‌గా నడిస్తే ట్రాన్స్‌ఫార్మర్ మీద సుమారు 65 కేవీఏ పడుతుంది. కాలనీల్లో మామూలుగా కనిపించే ట్రాన్స్‌ఫార్మర్ 100 లేదా 160 కేవీఏ. అప్పటికే ఏసీలతో వేసవిలో మూలుగుతున్న దాని మీద ఇంత లోడ్ ఒకే చోట వేయలేరు. కొత్త ట్రాన్స్‌ఫార్మర్ కావాలి, దానికి జాగా కావాలి, ఎస్టిమేట్ కావాలి.

అదే 60 కిలోవాట్లతో 80 స్కూటర్ సాకెట్లు నడుస్తాయి. మన 120 సాకెట్లని 12 వీధులకి పంచితే వీధికి 10, అన్నీ ఒకేసారి నడిచినా ఒక్కో ట్రాన్స్‌ఫార్మర్ మీద 7.5 కిలోవాట్లు. నాలుగైదు ఏసీల లోడ్ అంతే. ఫాస్ట్ ఛార్జర్లు వద్దని కాదు. హైవే మీద, బస్టాండ్ దగ్గర, ట్యాక్సీలు ఎక్కువ ఉండే చోట అవి కావాల్సిందే. కానీ ఇళ్ల మధ్యలో ఉండాల్సింది స్లో ఛార్జింగే.

కేంద్రం కూడా ఈ దిశగానే వస్తున్నట్టు కనిపిస్తోంది. 2024 అక్టోబరులో మొదలైన పీఎం ఈ-డ్రైవ్ పథకంలో పబ్లిక్ ఛార్జింగ్‌కి 2,000 కోట్లు పెట్టారు. టార్గెట్‌లో కార్లకి 22,100 ఫాస్ట్ ఛార్జర్లు, బస్సులకి 1,800, టూవీలర్లు, త్రీవీలర్లకి 48,400. అంటే మూడింట రెండు వంతులు చిన్న బండ్లకే. బాగుంది. మరి వాటిని ఏ వీధిలో పెట్టాలో చెప్పే లిస్ట్ మన మున్సిపాలిటీల దగ్గర రెడీగా ఉందా?

జాగా ఎలా వెతకాలి?

ఇక్కడ వేరేవాళ్లు ఏం చేశారో చూస్తే చాలా టైం ఆదా అవుతుంది. నాకు బాగా నచ్చింది కేరళ విద్యుత్ బోర్డు పద్ధతి. 2021లో కోజికోడ్‌లో 10 కరెంటు స్తంభాలకి టూవీలర్లు, ఆటోల కోసం ఛార్జింగ్ పాయింట్లు బిగించి పైలట్ చేశారు, తర్వాత రాష్ట్రమంతా విస్తరించారు. యాప్‌లో డబ్బులు కట్టి స్తంభం దగ్గరే ఛార్జ్ పెట్టుకోవడమే. భూసేకరణ లేదు, షెడ్డు లేదు, స్తంభం ఎలాగూ అక్కడే ఉంది.

లండన్‌లో వీధి దీపాల స్తంభాలకే కార్ల ఛార్జింగ్ సాకెట్లు పెట్టారు. మన దగ్గర దీపాల స్తంభాలతో ఒక చిక్కుంది. చాలా చోట్ల ఆ లైన్‌ని ఒకే స్విచ్ బాక్స్ నుంచి సాయంత్రం ఆన్, ఉదయం ఆఫ్ చేస్తారు. పగలు సాకెట్‌లో కరెంటే ఉండదు. కాబట్టి మనకి కేరళ లాగా డిస్ట్రిబ్యూషన్ స్తంభమే సరైనది.

ఆమ్‌స్టర్‌డామ్ వాళ్లది ఇంకో తెలివి. సొంత పార్కింగ్ లేని ఈవీ ఓనర్ అప్లై చేస్తే, దగ్గర్లో ఛార్జర్ లేకపోతే సిటీ కొత్తది పెడుతుంది. ముందే ఊహించి ఎక్కడో పెట్టడం కాదు, బండి ఎక్కడుంటే ఛార్జర్ అక్కడికి వెళ్తుంది. పెట్టిన ఛార్జర్ల వాడకం డేటా చూసి తర్వాతవి ఎక్కడో తేలుస్తారు. ఇది మనకి కష్టమేం కాదు. ఈవీ రిజిస్ట్రేషన్ అడ్రస్‌లు రవాణా శాఖ దగ్గర ఉన్నాయి. ట్రాన్స్‌ఫార్మర్ లోడ్ వివరాలు డిస్కం దగ్గర ఉన్నాయి. ఖాళీ జాగాల లిస్ట్ టౌన్ ప్లానింగ్ దగ్గర ఉంది. ఈ మూడు టేబుళ్లని జాయిన్ చేయాలి, పేర్లు, ఫోన్ నంబర్లు అవసరం లేదు, వీధి లెవెల్ కౌంట్ చాలు. మన వాళ్లు ఇంటర్న్‌షిప్‌లో ఇంతకంటే పెద్ద పనులే చేస్తారు.

కొత్త బిల్డింగుల సంగతి వేరు, అక్కడ పని చాలా తేలిక. 2019లో కేంద్రం మోడల్ బిల్డింగ్ బైలాస్‌లో పార్కింగ్‌లో 20 శాతానికి ఈవీ ఛార్జింగ్ ఏర్పాటు ఉండాలని చేర్చింది. ఇది మోడల్ మాత్రమే, రాష్ట్రం తన రూల్స్‌లోకి తెచ్చుకోవాలి, మున్సిపాలిటీ ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ ఇచ్చేముందు చెక్ చేయాలి. స్లాబ్ వేసేటప్పుడు పైపు వేయడానికి పెద్దగా ఖర్చు కాదు. పదేళ్ల తర్వాత సెల్లార్ గోడలు కొట్టి కేబుల్ లాగాలంటే అపార్ట్‌మెంట్ అసోసియేషన్ మీటింగులో యుద్ధమే.

పాత బిల్డింగుల్లో అసోసియేషన్లు ఒప్పుకోకపోవడానికి భయం కూడా కారణం. 2022 సెప్టెంబరులో సికింద్రాబాద్‌లో ఈ-స్కూటర్ల షోరూం ఉన్న భవనంలో మంటలు లేచి, పైనున్న లాడ్జిలో 8 మంది చనిపోయారు. ఆ తర్వాత అదే ఏడాది డిసెంబరు నుంచి బ్యాటరీ భద్రత నిబంధనలు, అంటే ఏఐఎస్-156 సవరణలు, దశలవారీగా అమల్లోకి వచ్చాయి. అయినా మెట్ల కింద, ఒకే దారి ఉన్న సెల్లార్‌లో ఛార్జింగ్ వద్దనేవాళ్ల మాటని కొట్టిపారేయలేం. అందుకే బయట, గాలి ఆడే చోట వీధి సాకెట్ ఉండటం సౌకర్యమే కాదు, రక్షణ కూడా. దారి లేక కిటికీలోంచి ఎక్స్‌టెన్షన్ బాక్స్ కిందికి వేలాడదీసేవాళ్లని మీరూ చూసే ఉంటారు.

డబ్బులు, టెండర్

2022 మార్గదర్శకాల్లో ఒక మంచి పాయింట్ ఉంది. ప్రభుత్వ జాగాని ఛార్జింగ్ స్టేషన్‌కి ఇస్తే అద్దె బదులు యూనిట్‌కి 1 రూపాయి చొప్పున ఆదాయంలో వాటా తీసుకోవచ్చు. ప్రైవేట్ వాళ్లకయితే ఆ రూపాయే ఫ్లోర్ ప్రైస్‌గా బిడ్డింగ్ పెట్టాలి. మన వార్డులో 525 యూనిట్లకి రోజుకి 525 రూపాయలు, ఏడాదికి 1.9 లక్షలు. మున్సిపల్ బడ్జెట్‌లో ఇది లెక్కలోకి రాని మొత్తం. కాబట్టి దీన్ని పార్కింగ్ కాంట్రాక్ట్ లాగా ఎవరు ఎక్కువ పాడితే వాళ్లకి ఇవ్వడం తెలివితక్కువ పని. ఎక్కువ పాడినవాడు ఆ డబ్బు రేటు పెంచి మన దగ్గరే రాబట్టుకుంటాడు, లేదంటే మెయింటెనెన్స్ మానేస్తాడు.

టెండర్‌లో అడగాల్సింది అప్‌టైమ్. బ్రిటన్‌లో 2023 నాటి నిబంధనల ప్రకారం 50 కిలోవాట్, ఆపైన ఉన్న ర్యాపిడ్ ఛార్జర్ నెట్‌వర్క్ ఏడాదికి సగటున 99 శాతం టైం పనిచేయాలి, 24 గంటల హెల్ప్‌లైన్ ఉండాలి. మనకి వీధి సాకెట్‌కి 99 అక్కర్లేదు, 95 అని రాసి, పాటించకపోతే కోత పెట్టినా చాలు. ప్రతి పాయింట్ లైవ్ స్టేటస్ బయటికి ఇవ్వాలని కూడా రాయాలి. ఎందుకంటే యాప్‌లో "అందుబాటులో ఉంది" అని చూసి 3 శాతం బ్యాటరీతో వెళ్తే అక్కడ డెడ్ స్క్రీన్ కనిపించడం కంటే, అసలు ఛార్జర్ లేకపోవడమే నయం.

రేటు గురించి ఒక చిన్న హెచ్చరిక. 2024 మార్గదర్శకాలు ఉదయం 9 నుంచి సాయంత్రం 4 దాకా, సోలార్ కరెంటు దండిగా ఉండే టైంలో, ఛార్జింగ్ స్టేషన్‌కి కరెంటు ధర సగటు సరఫరా ఖర్చులో 0.7 రెట్లకి, మిగతా టైంలో 1.3 రెట్లకి మించకూడదన్నాయి. ఫైనల్ రేటు రాష్ట్ర మండలిదే అనుకోండి. దీని అర్థం, రాత్రి వీధిలో పెట్టే ఛార్జింగ్ పగటి ఛార్జింగ్ కంటే బాగా ఖరీదు కావచ్చు. అద్దె ఇంట్లో ఉండేవాడికి రాత్రే వీలు, చవక మాత్రం పగలు. ఈ గ్యాప్ పూడ్చాలంటే పగలు బండ్లు ఎక్కడ నిలబడి ఉంటాయో అక్కడ కూడా సాకెట్లు పెట్టాలి. మెట్రో స్టేషన్ పార్కింగ్, ప్రభుత్వ ఆఫీసులు, కాలేజీలు, ఆసుపత్రులు, రైతు బజార్లు. ఢిల్లీలో 2021లో 100 బండ్ల కంటే ఎక్కువ పార్కింగ్ ఉన్న వాణిజ్య, సంస్థాగత భవనాల్లో 5 శాతం చోటు ఈవీలకి, స్లో ఛార్జర్లతో సహా, కేటాయించాలన్నారు. మన చిన్న టౌన్లలో అయితే ఆర్టీసీ బస్టాండ్ స్టాండులోనే రోజంతా వందల బండ్లు ఉంటాయి. పొద్దున పెట్టి సాయంత్రం తీసుకునే బండికి ఇంతకంటే మంచి చోటు ఏముంది?

మీరు చేయగలిగింది

మీ వీధిలో ప్లగ్ లేని ఈవీలు ఎన్ని, అవి రాత్రి ఎక్కడ నిలబడతాయి, దగ్గర్లో ఏ స్తంభం ఉంది అన్న మూడు విషయాలు రాసుకోండి. స్తంభం మీద నంబర్ ఉంటే అది కూడా. పది పదిహేను ఇళ్లవాళ్లు కలిసి ఒకే కాగితం మీద సంతకాలు పెట్టి వార్డు ఆఫీసులో ఒక కాపీ, డిస్కం ఏఈ దగ్గర ఒక కాపీ ఇచ్చి, రెండింటికీ రసీదు తీసుకోండి. "మా ఏరియాలో ఛార్జింగ్ స్టేషన్ కావాలి" అని రాయకండి, అలా రాస్తే ఏదో ఒక రోజు మెయిన్ రోడ్డు మీద 60 కిలోవాట్ కార్ ఛార్జర్ వస్తుంది. "ఫలానా స్తంభం దగ్గర 16 ఆంపియర్ మీటర్డ్ సాకెట్లు 6" అని రాయండి.